చెవిలో మైనం

శుక్రవారం దీపాలు వెలిగించకముందే పెర్నా మైనం ఉండలు చేసి పెట్టుకునేది. మర్నాడు సబ్బాతు, యూదులు ఏ పనీ ముట్టని రోజు. ఆ నాడు మైనం మెదపకూడదు, అది పని కిందికి వస్తుంది. అందుకని ముందురోజే వేళ్ళ మధ్య నలిపి, చెవికి సరిపోయేలా రెండు గోళీలు చేసి రుమాల్లో ముడేసుకునేది. రోములో యూదుల్ని గోడా గేటూ పెట్టి ఉంచిన గెట్టోలో ఆడవాళ్ళు చాలామంది చేసే పనే అది. మగవాళ్ళు కొందరు దూది పెట్టుకునేవాళ్ళు గానీ, దూది తెల్లగా బయటికి కనబడి పట్టిచ్చేస్తుంది.

సబ్బాతు మధ్యాహ్నం, ప్రార్థనాలయంలో తోరా గ్రంథంలోని ఆ వారం భాగం విని ఇంటికొచ్చి, చల్లారిన చేపా రొట్టే తిని, కాసేపు నడుం వాలుద్దామనుకునే వేళకి గేటు బయటి చర్చి గంట మోగేది. ఆ వారం వంతు ఎవరిదైతే వాళ్ళు లేచి వెళ్ళి, బల్లల మీద కూర్చుని మతం మారమనే పాద్రిగారి ప్రసంగం వినాలి. పొద్దున తాము చదువుకున్న భాగాన్నే ఆయన మళ్ళీ తీసుకుని, దీని అర్థం మీకు తెలియలేదు, నేను చెబుతాను వినండి అనేవాడు. వెళ్ళకపోతే జరిమానా. వెళ్ళి కునుకు తీస్తే కర్ర. ఆ కర్ర పట్టుకుని వరసల మధ్య తిరిగే మనిషి అసలు పేరు ఎవరూ అడగలేదు. అందరికీ అతను కర్రాయనే. కునికేవాడి డొక్కలో పొడిచేవాడు, అనుమానం తగిలితే చెవిలో వేలు పెట్టి చూసేవాడు. ఆడవాళ్ళకి యూదులని గుర్తుగా వేసుకోవాల్సిన పచ్చ ముసుగులు ఉండబట్టి కొంత నయం.

ఆ చలికాలం తైబరు నది పొంగి గట్టు అంచు దాకా వచ్చి కూర్చుంది. కింది ఇళ్ళలో గోడలు చెమ్మెక్కి, ఆరేసిన బట్ట ఆరేసినట్టే ఉండేది. పెర్నాకి అప్పుడు ఆరో నెల. మొగుడు అంజెలో పాత బట్టల మూటలేసుకుని అంకోనా సంతకి వెళ్ళాడు, ఇంకా రాలేదు. ఇంట్లో తనూ, తల్లి దోల్చే. చినిగిన కోట్లకి రఫ్ఫు చెయ్యడం పెర్నా పని. మంచి చెయ్యి అని పేరుంది.

ఆ సబ్బాతు నాడు వంతొచ్చి చర్చిలో కూర్చున్నాక ముందు బల్ల మీదావిడ వెనక్కి తిరిగింది.

"కొత్త పాద్రి అంటమ్మా ఇవాళ. ఒకప్పుడు మనవాడేనట."

"అయితే గొంతు పగిలేలా అరుస్తాడు," అంది పెర్నా పక్కనామె. "కొత్త బిచ్చగాడు పొద్దెరగడు."

పెర్నా నవ్వి, ముసుగు సర్దుకుంటున్నట్టు చేతులెత్తి మైనం పెట్టేసుకుంది. నీళ్ళలో మునిగినట్టు లోకం దూరమైపోయింది. తన ఊపిరి తనకే వినిపించే ఆ నిశ్శబ్దం ఆమెకి అలవాటే, అందులో కూర్చుని వారం రోజుల కుట్టుపని తలచుకునేది.

పాద్రి మెట్లెక్కి పైకొచ్చి కటకటాల మీద చెయ్యి వేశాడు. ముందు ఆ చెయ్యే చూసింది. చిటికెనవేలు వంకర. చిన్నప్పుడు తలుపు సందున పడి విరిగితే తనే గుడ్డ కట్టింది.

అతను పెర్నా తమ్ముడు, వితాలే.

ఎనిమిదేళ్ళ కిందట, పంతొమ్మిదేళ్ళప్పుడు, కుట్టిన అంగీ ఒకటి ఇచ్చి వస్తానని గేటు దాటి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. మతం మారేవాళ్ళని ఉంచే ఇంట్లో చేరాడని మర్నాడు తెలిసింది. ఎవరైనా లాక్కుపోయారో, తన కాళ్ళ మీదే వెళ్ళాడో తెలియలేదు. కొన్నాళ్ళకి బాప్తిస్మం నీళ్ళు పోయించుకుని క్లెమెంతే అనే పేరు పెట్టుకున్నాడన్నారు. ఇంట్లో అందరూ బట్టలు చించుకున్నారు, నేల మీద ఏడు రోజులు కూర్చున్నారు, చచ్చినవాడికి చేసేదంతా చేశారు. ఆ ఏడే తండ్రి పోయాడు. ఆ తర్వాత ఆ పేరు ఇంట్లో వినబడలేదు.

చచ్చినవాడి పెదవులు పైన కదులుతున్నాయి. పెర్నా తల దించుకుంది. అప్పుడే ఆ గొంతు వినిపించింది.

పైనుంచి కాదు. తన భుజం వెనక నుంచి, ఎవరో వంగి చెవి దగ్గర చదువుతున్నట్టు. పదమూడేళ్ళ పిల్లాడి గొంతు. ఆ వారం భాగమే, యాకోబు ఏటి ఒడ్డున తెల్లారేదాకా ఎవరితోనో కుస్తీ పట్టే చోటు, వాళ్ళ నాన్న నేర్పిన రాగంలో. వితాలే మొదటిసారి నలుగురి ముందు తోరా చదివిన రోజు అదే భాగం చదివాడు. "నీ పేరేమిటి" అనే మాట దగ్గర గొంతు చీలి, ఆగి, సవరించుకుని, మళ్ళీ అందుకున్నాడు. ఇప్పుడూ అక్కడే చీలింది. అక్కడే సవరించుకుంది.

ఆమె చెవులు తడుముకుంది. రెండు ఉండలూ ఉన్నాయి. తలెత్తి చూస్తే పాద్రి పెదవులకీ ఆ రాగానికీ పొంతనే లేదు. చుట్టూ ఆడవాళ్ళు ఎప్పట్లాగే శూన్యంలోకి చూస్తూ కూర్చున్నారు. వెనక్కి తిరగడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

ప్రసంగం అయ్యాక వరసగా బయటికి వస్తుంటే పాద్రి గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. పెర్నా మైనం తియ్యనేలేదు. తల వంచుకుని దాటబోతుంటే అతని నల్ల అంగీ కాస్త ముందుకు జరిగింది. అతను ఆమె కడుపు వంకే చూస్తున్నాడు. పెదవులు కదిలాయి. శబ్దం వినబడకపోయినా ఆ మాట ఏదో తెలిసింది.

"అక్కా, ఎన్నో నెల?"

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. తల్లి పొయ్యి పక్కన కూర్చుని ఉంది.

"వచ్చావా," అంది దోల్చే. "వాడేడీ?"

"ఎవడమ్మా?"

"వాడే. నువ్వు బయల్దేరగానే లేచి నీ వెనకే వచ్చాడు. ఇన్నేళ్ళలో గడప దాటడం ఇదే మొదలు."

కిటికీ పక్కన ఒక పీట ఉంది. అది వితాలే పీట. నేల మీద ఏడు రోజులూ గడిచిన మర్నాటి నుంచి దోల్చే దాని మీద ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. అప్పుడప్పుడు అటు తిరిగి ఏదో అనేది. "కాళ్ళు తీయ్, ఊడ్చాలి" అనేది. సబ్బాతు రొట్టె విరిచినప్పుడు ఒక ముక్క అటు జరిపేది. కొడుకు పోయిన మనిషి, పోనీలే అని పెర్నా ఊరుకునేది, ఇరుగుపొరుగూ ఊరుకునేవాళ్ళు. ఆ రోజు మాత్రం ఆమె పీట వంక చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది.

"అమ్మా, నిజంగా ఉంటాడా అక్కడ?"

"లేకపోతే నేను గోడతో మాట్లాడతానా? నాకేం పిచ్చా?" అని దోల్చే నవ్వింది. "బయటికెళ్ళింది వాడి ఒళ్ళు. ఏడు రోజులూ మనం ఏడ్చిపిలిస్తే మిగిలినవాడు వచ్చి కూర్చున్నాడు. అదిగో, వచ్చాడు. తలుపెయ్, చలి."

తలుపు వేసే ఉంది. అయినా పెర్నా లేచి మళ్ళీ ఒకసారి గడియ తీసి వేసింది.

మర్నాడు మేనమామని పిలిపించింది. మతగురువైన రబ్బీ సబాతో దోల్చేకి తమ్ముడు, పెళ్ళాం పోయి ఒంటరిగా ఉంటున్నాడు, ఏ సంగతైనా ముందు అటూ ఇటూ తిప్పి చూసి గానీ నోరు విప్పని మనిషి. పెర్నా జరిగింది చెప్పింది. గొంతు సంగతి ఆయన తల ఊపుతూ విన్నాడు. "ఎన్నో నెల" దగ్గరకొచ్చేసరికి మొహం పాలిపోయింది.

"పుట్టబోయే బిడ్డకి మేనమామ కదమ్మా వాడు," అన్నాడు. "మారినవాడు తన రక్తసంబంధాన్ని వాళ్ళకి అర్పించొచ్చు. పుట్టని బిడ్డనైనా సరే. ఒక్క మాట అంటే చాలు, బండి వచ్చి గేటు దగ్గర ఆగుతుంది. నిన్ను తీసుకెళ్ళి కాన్పయ్యేదాకా ఉంచుకుని, బిడ్డకి నీళ్ళు పోసి, నిన్నొక్కదాన్నే వెనక్కి పంపుతారు. ఇలా జరిగిన ఇళ్ళు నాకు తెలుసు."

"వాడు అలా చేస్తాడా మామయ్యా?"

"వితాలే అయితే చెయ్యడు. ఇప్పుడున్నవాడెవడో నాకేం తెలుసు?"

 కింద వీధిలో పాత గుడ్డలవాళ్ళు అరుచుకుంటున్నారు.

"మామయ్యా, ఆ మనిషి గురించి మనవాళ్ళేమంటారు?"

"ఏ మనిషి?"

"ఆ మనిషే. వాళ్ళ చర్చి గోడ మీద, సిలువ మీదున్నాయన."

రబ్బీ లేచి కిటికీ తలుపు దగ్గరికి లాగాడు. "ఇప్పుడెందుకది?"

"నా తమ్ముణ్ణి తీసుకుపోయినవాడెవడో నాకు తెలియొద్దా?"

"చాలా అంటారు. మంత్రగాడన్నారు, జనాన్ని దారి తప్పించాడన్నారు. తన్నులు తిన్న నోటి నుంచి మంచి మాట ఎలా వస్తుంది? అందులో సగం వీపు మంటే. మా తాత మాత్రం ఒక కథ చెప్పేవాడు." ఆయన గొంతు తగ్గించాడు. "ఆ మనిషి చిన్నప్పుడు మన గురువుల్లో ఒకాయన దగ్గర చదువుకున్నాట్ట. దారిలో ఎక్కడో సత్రంలో నోరు జారి ఏదో అన్నాడు, గురువుకి కోపమొచ్చి పొమ్మన్నాడు. కుర్రాడు మళ్ళీ మళ్ళీ వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు. ఒకరోజు వచ్చేసరికి గురువు ప్రార్థనలో ఉన్నాడు, నోరు తెరవకూడని చోట. ఆ రోజు రానిద్దామనే అనుకున్నాట్ట మనసులో. ఉండు, అయిపోతుంది అన్నట్టు చెయ్యెత్తాడు. కుర్రాడికి అది పొమ్మన్నట్టు కనిపించింది. ప్రార్థన ముగించి గురువు పరిగెత్తుకొచ్చేసరికి వీధిలో ఎవరూ లేరు."

"తర్వాత?"

"తర్వాతేముంది. మనం ఇప్పటికీ అనుభవిస్తున్నదే."

"నిజంగా జరిగిందా?"

"కాలాలు కలవవమ్మా. ఆ గురువు నాటికి ఆ మనిషి పుట్టనేలేదంటారు తెలిసినవాళ్ళు. కానీ మా తాత ఈ కథ చెప్పిన ప్రతిసారీ మాట ఆపేసి తలుపు వంక చూసేవాడు."

పొయ్యి దగ్గర నుంచి దోల్చే అడిగింది. "వాళ్ళమ్మ ఉందా అప్పటికి?"

"ఎవరమ్మ?"

"ఆ కుర్రాడి అమ్మ. మన ఆడదే కదా. ఏడు రోజులూ కూర్చుందా?"

రబ్బీ సబాతో టోపీ తీసుకున్నాడు. "తలుపులు వేసుకుని ఉండండి. అంజెలోకి కబురు పెడతాను," అని వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా బండి చక్రం చప్పుడైనప్పుడల్లా పెర్నా సూది ఆగిపోయేది. బండి రాలేదు. శుక్రవారం కర్రాయన వచ్చాడు. పెర్నా వంతు అయిపోయినా ఈ వారం కూడా రావాలనీ, పాద్రిగారు ప్రత్యేకంగా చెప్పారనీ గుమ్మంలో నిలబడే చెప్పి వెళ్ళాడు.

"నేనూ వస్తా," అంది దోల్చే.

"ముసలివాళ్ళని రమ్మని అడగలేదమ్మా," అంది పెర్నా.

"అడక్కపోతే నా కాళ్ళు విరిగాయా?"

మర్నాడు చర్చి నిండింది. తల్లీ కూతురూ మధ్య వరసలో కూర్చున్నారు. ఇద్దరి మధ్యా దోల్చే ఒక మనిషి పట్టేంత చోటు వదిలింది. జనం కిక్కిరిసి ఉంటే ఒకావిడ వచ్చి అక్కడ కూలబడి, వెంటనే లేచి వెనక తడుముకుంది. "ఇదేమిటమ్మా, బల్ల ఇంత చల్లగా ఉంది, నదిలోంచి తీసినట్టు," అని సణుగుతూ వేరే చోటికి పోయింది.

పెర్నా రుమాలు విప్పింది. దోల్చే ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు. మన పిల్లాడు మాట్లాడుతుంటే చెవులు మూసుకుంటారా?"

అలా ఆ రోజు పెర్నా ఉత్త చెవులతో కూర్చుంది. పాద్రి ఇంకా రాలేదు. దోల్చే తలెత్తి గోడ మీది సిలువని చూస్తోంది. చెక్కతో చెక్కి రంగులేసిన మనిషి, పక్కలో గాయం, తల ఒక పక్కకి వాలి ఉంది. గెట్టోవాళ్ళెవరూ అటు చూడరు, చూపు నేల మీదే ఉంచుకుంటారు.

"అమ్మా, అటు చూడకు."

"చెక్కని చూడ్డంలేదు. పిల్లాణ్ణి చూస్తున్నా. ఎంత చిన్నవాడో. ఎముకలు లెక్కపెట్టొచ్చు." కాసేపాగి అంది. "మొహం మనవాళ్ళదే పెర్నా. మీ నాన్నవైపు వాళ్ళకి అలాగే ఉంటుంది ముక్కు. అందరూ వచ్చి వాడి ముందు మోకరిస్తారు గానీ ఒక్కరూ దించరేం?"

పాద్రి పైకెక్కాడు. ఎనిమిదేళ్ళ తర్వాత తమ్ముడి గొంతు పెర్నా చెవుల్తో విన్నది అప్పుడే. అది వితాలే గొంతు కాదు. చదువుకున్న రోమన్ల భాష, ప్రతి మాటా శుభ్రంగా తుడిచి పేర్చినట్టుంది, ఎక్కడా తడి లేదు. ఎవరి గొంతులోంచో అరువు తెచ్చుకున్నట్టుంది. ఆ వారం భాగం యోసేపు కథ. అన్నలు తమ్ముణ్ణి గోతిలో తోసి, రక్తంలో ముంచిన అంగీ తెచ్చి తండ్రికి చూపించే చోటు.

"యాకోబు ఏడ్చాడు, ఎవరు ఓదార్చినా ఓదార్పు పొందలేదు," అన్నాడు పాద్రి. "ఎందుకు? చచ్చినవాడి దుఃఖం కాలం గడిస్తే తగ్గుతుంది. బతికున్నవాడి కోసం ఏడిస్తే ఆ ఏడుపుకి అంతు లేదు. యోసేపు చావలేదు. దూరదేశంలో సింహాసనం పక్కన కూర్చున్నాడు, సొంత అన్నలే గుర్తుపట్టలేదు. మీరూ అంతే. మీరు చచ్చాడనుకుంటున్నవాడు చావలేదు. బతికే ఉన్నాడు, మీకోసం..."

అతని చూపు దోల్చే మీద పడింది. మాట తెగిపోయింది.

దోల్చే లేచి నిలబడింది. పక్క వరసలోంచి కర్రాయన కదిలాడు. ఆమె కర్రాయన్నీ చూడలేదు, పాద్రినీ చూడలేదు. తనకీ కూతురికీ మధ్య ఉన్న ఖాళీ వైపు వంగి, ఇంట్లో పీటతో మాట్లాడినట్టే మాట్లాడింది. చర్చంతా వినబడింది.

"విన్నావుగా. చావలేదని వాడే చెబుతున్నాడు. మరి నా దగ్గరేం పని నీకు? లే నాయనా. నీ చోటికి నువ్వు వెళ్ళు. నా స్వార్థం కొద్దీ ఇన్నాళ్ళు ఉంచుకున్నా, చాలు."

బల్ల కిర్రుమంది, బరువు లేచినప్పుడు అయ్యే చప్పుడు. పెర్నా మోకాళ్ళని రాసుకుంటూ చల్లగా ఏదో దాటి వెళ్ళింది. కడుపులో బిడ్డ ఒక్కసారి గిర్రున తిరిగింది. నడవలో కొవ్వొత్తుల మంటలు వరసగా, ఒకదాని తర్వాత ఒకటి, పక్కకి వంగి మళ్ళీ నిలబడ్డాయి, ఎవరో నడిచి వెళ్తున్నట్టు. చివరి కొవ్వొత్తి మెట్ల దగ్గరుంది.

పాద్రి రెండు చేతులతో కటకటాలు పట్టుకున్నాడు. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. ఆ తర్వాత ఆ నోట్లోంచి పదమూడేళ్ళ పిల్లాడి గొంతు వచ్చింది. యాకోబు కుస్తీ. తండ్రి రాగం. "నీ పేరేమిటి" దగ్గర చీలింది, సవరించుకుంది, మళ్ళీ అందుకుంది. ఈసారి అందరూ విన్నారు. మైనం పెట్టుకున్న ఆడవాళ్ళు కూడా చెవులు పట్టుకుని ఒకర్నొకరు చూసుకున్నారు. ఒక ముసలాయన తెలియకుండానే ఆ వాక్యం చివర "ఆమేన్" అనేశాడు.

"ఎవరది?" అన్నాడు పాద్రి, ఈసారి తన గొంతుతో, గెట్టో యాసలో. "ఎవరది నాలో?" అని అక్కడే మెట్ల మీద కూలిపోయాడు.

లోపలివాళ్ళు పరుగున వచ్చి ఎత్తుకుపోయారు. కర్రాయన ఎవర్నీ కొట్టలేదు. తనే వెళ్ళి పెద్ద తలుపులు బార్లా తీసి, "పొండి, పొండి," అన్నాడు. 

తర్వాతి వారమంతా పెర్నా బండి కోసం భయపడుతూనే ఉంది. బండి రాలేదు. ఒక రోజు కర్రాయన తన కోటు పట్టుకుని వచ్చాడు. మోచేతి దగ్గర చినిగింది. కుట్టేదాకా గుమ్మంలో నిలబడి, ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

"మీ పాద్రిని కొండల మీది మఠానికి పంపారమ్మా. తిండి తినడట. రాత్రీ పగలూ తనలో తనే మాట్లాడుకుంటాడట, ఇద్దరు కూర్చుని మాట్లాడుకున్నట్టు. ఒకడు అడుగుతాడు, ఒకడు చెబుతాడు." కోటు తీసుకుని తిప్పి చూశాడు. "మీ బిడ్డ సంగతి పైవాళ్ళకి రాయాలని కాగితం తెప్పించుకున్నాడట ముందే. రాయలేదు. ఖాళీ కాగితమే దొరికింది గదిలో."

పెర్నా డబ్బు తీసుకోలేదు. అతనూ బలవంతం చెయ్యలేదు.

చలి తగ్గే రోజుల్లో అంజెలో వచ్చాడు. మూటలు దించకముందే అత్తగారి ఎదుట కూర్చున్నాడు.

"అత్తయ్యా, అంకోనా రేవులో వాణ్ణి చూశాను. గడ్డం పెంచాడు, నల్ల అంగీ లేదు. సుల్తాను ఏలే సలోనికా పోయే ఓడలో మనవాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. మళ్ళీ మనలో కలిశాడని పట్టుబడితే కాల్చేస్తారని తెలిసీ నన్ను పిలిచాడు. 'బావా, అమ్మతో చెప్పు, వాడు నన్ను చేరాడు' అన్నాడు. అంతే. నాకేం అర్థం కాలేదు."

దోల్చే తల ఊపింది. "కాళ్ళకి చెప్పులున్నాయా?"

"ఉన్నాయి అత్తయ్యా."

అప్పుడు ఏడ్చింది ఆమె. కొడుకు పోయిన నాటి కన్నా ఎక్కువ ఏడ్చింది. ఇన్నాళ్ళూ చచ్చినవాడు ఇంట్లో ఉన్నాడు, ఇప్పుడు బతికినవాడు దేశం దాటిపోయాడు. బతికున్నవాడికి ఏడు రోజులు కూర్చోవడం కూడా కుదరదు. పీట వైపు చూడ్డం మానేసింది. పస్కా పండక్కి ఇల్లంతా కడిగినప్పుడు పెర్నాయే ఆ పీటనీ కడిగి ఎండబెట్టి, మళ్ళీ కిటికీ పక్కన వేసి, దాని మీద తన గుడ్డల బుట్ట పెట్టుకుంది.  పండగ అయ్యాక పెర్నాకి ఆడపిల్ల పుట్టింది. ఎవరూ వచ్చి తీసుకుపోలేదు.

పిల్ల మెడ నిలిపే వేళకి ఒక శుక్రవారం పెర్నా చూసేసరికి గుడ్డల బుట్ట నేల మీద ఉంది, జాగ్రత్తగా దించి పెట్టినట్టు. తల్లి దించిందనుకుని మళ్ళీ పైన పెట్టింది. మరో గంటకి చూస్తే మళ్ళీ నేల మీద ఉంది. ఆ సాయంత్రం దోల్చే దీపాలు వెలిగించి, కళ్ళు మూసుకుని దీవెన చెప్పింది. చివర ఎవరో "ఆమేన్" అన్నారు. అంజెలో ఇంకా ప్రార్థనాలయం నుంచి రాలేదు. పిల్ల నిద్రపోతోంది. ఆ గొంతు వితాలేది కాదు. పెద్దవాడి గొంతు, అలసిపోయిన గొంతు, ఆ మాటని గెట్టోలో ఎవరూ పలకనట్టు లోపలెక్కడో గొంతు అడుగున పలికింది.

పెర్నా తల్లి వంక చూసింది. దోల్చే కళ్ళు తెరిచి, "బుట్ట అక్కడ పెట్టకు," అని మాత్రం అంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి రబ్బీ సబాతో వచ్చాడు. ఎండ కిటికీలోంచి పీట మీద పడుతోంది. ఆయన అలవాటు లేని చోటైనా, కిటికీ గాలికి కూర్చుందామని ఆ పీట లాక్కోబోయాడు.

"అక్కడ కాదు సబాతో," అంది దోల్చే.

"ఇంకా ఏమిటక్కా? వాడు ఓడెక్కి వెళ్ళాడుగా."

"వాడు కాదు. ఇంకొకడు వచ్చాడు."

"ఎవరు?"

"ఎవరో కుర్రాడు. ఆ రోజు చర్చి నుంచే వెంట వచ్చాడేమో, నేను చూసుకోలేదు. ఇన్నాళ్ళూ బయటే నిలబడ్డాడనుకుంటా. దీపాలప్పుడు లోపలికొచ్చాడు." దోల్చే చేప ముక్కలు పళ్ళెంలో సర్దుతూ చెప్పింది. "ఏమీ అడగడు. సబ్బాతు నాడు కాసేపు కూర్చుంటే చాలు అన్నట్టుంటాడు. మాట మన మాటే గానీ పాత మాట, తోరా వాక్యం పక్కన పాత భాషలో అర్థం చదువుతారే, అలా ఉంటుంది. సగమే అర్థమవుతుంది నాకు. చేతులు ఒళ్ళో దాచుకుంటాడు, అరచేతులు చూడనివ్వడు."

రబ్బీ సబాతో పీట మీంచి చెయ్యి తీసేశాడు. పీట మీద ఎండ పడుతోంది, పక్కన నేల మీద మాత్రం పీటకి ఉండాల్సిన దానికన్నా పెద్ద నీడ ఉంది. పెర్నా అది చూసింది. ఆయనా చూశాడు.

"పేరు అడిగావా అక్కా?" అన్నాడు.

"అడగలేదు. అడిగితే చెబుతాడు. చెబితే నువ్వు మళ్ళీ ఈ ఇంటికి రావు."

ఆయన నిలబడే ఉన్నాడు. వెళ్ళిపోతాడనుకుంది పెర్నా. టోపీ మీద చెయ్యి వేశాడు కూడా. చివరికి అంజెలో పక్కన, పీటకి ఎదురు మూల కూర్చుని, తల ఎత్తకుండా తిన్నాడు.

తర్వాతి సబ్బాతుకీ వచ్చాడు. పీట వైపు చూడలేదు, దాని గురించి మాట్లాడలేదు. దోల్చే రొట్టె విరిచి ఒక ముక్క అటు జరుపుతుంటే ఆయన గిన్నె అడ్డం వచ్చింది. ఆయన గిన్నె తన వైపు లాక్కుని చోటిచ్చాడు.